నా దగ్గర బాగానే వుంది

మాటకు అర్థం మాటలోనే వుంటుందని మనం అనుకుంటాం గాని, అందులో సగమే నిజం. తక్కిన సగం వినేవారి దగ్గర వుంటుంది. మా ఆవిడ బెల్లంపల్లి కాపరానికి వచ్చిన మొదటి వారంలోనే యీ సత్యం తెలుసుకున్నది.

ఆవిడ పుట్టిల్లు తెనాలి వైపు. ఒకనాటి రాత్రి పది దాటాక పక్కింటి ఇల్లాలు వచ్చి మా గడప మీద కూర్చుని, "మా ఆయన బాయికి పోయిండు. ఒక్కదాన్నే వున్న. జరసేపు ముచ్చట పెడదామని వచ్చిన" అన్నది. మా ఆవిడ చేతిలో గ్లాసు అక్కడే పెట్టేసి, "ఇంత రాత్రివేళ ఆయన బావికి వెళితే మీరిలా కూర్చున్నారేమిటండీ! యెవరినైనా కేకెయ్యండి!" అని వీధిలోకి పరుగెత్తింది. ఆ వీధిలో సగంమంది మగవాళ్ళు ఆ వేళకు బాయిలోనే వున్నారు. బొగ్గు గనిని మా వైపు బాయి అంటారు. ఆయన రాత్రి షిఫ్టుకు వెళ్ళాడు, అంతే. 1927 ప్రాంతంలో బొగ్గు తవ్వకం మొదలైన వూరు యిది. ఆ మాటకు యింకో అర్థం వుంటుందని పక్కింటావిడకు యెలా తోస్తుంది?

ఇద్దరిదీ తెలుగే. మాట ఒక్కటే. చెప్పినావిడ తప్పు చెప్పలేదు. విన్నావిడకు చెవుడు లేదు. కంప్యూటర్ల ప్రపంచంలో యిటువంటిది రోజూ జరుగుతూ వుంటుంది. కాకపోతే అక్కడ ప్రతిసారీ నవ్వుకుని వూరుకోవడానికి వీలుండదు. ఒక్కొక్కప్పుడు మంచివాడి పరువు మీదికి వస్తుంది. 2019లో మా కాలనీలో అలాగే వచ్చింది.

నేను లెక్కల మేష్టరుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. కాలనీలో అందరికీ 'సారు'ను. బాయి పని చేసి దిగిపోయినవాళ్ళు కొందరు చాలా ఏళ్ళ కిందట యిక్కడ ఒక పొదుపు సంఘం పెట్టుకున్నారు. యెవరికి వీలైనంత వారు దాచుకుంటారు. నెలకు నూటికి రూపాయి వడ్డీ. పిల్ల పెళ్ళికో, ఆసుపత్రి ఖర్చుకో కావలసివస్తే అందులోంచే అప్పు తీసుకుంటారు. బెల్లంపల్లిలో బాయిలు ఒకటొకటిగా మూతపడ్డాక సభ్యులు చెదిరిపోయారు. కొందరు మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని చేరారు. కొందరు కొడుకులతో హైదరాబాదు వెళ్ళారు. మనుషులు వెళ్ళారు గాని డబ్బు మాత్రం యిక్కడే వుంచారు. దానికి కారణం కోశాధికారి.

ఆయన ముప్పై యేళ్ళకు పైగా భూమి లోపల పనిచేసి, మైనింగ్ సర్దారుగా దిగిపోయిన మనిషి. షిఫ్టు మొదలయ్యే ముందు పని జాగా చూసి, మనుషులు లోపలికి పోవచ్చునో కూడదో చెప్పేవాడు సర్దారు. పైకప్పును కర్రతో కొట్టి చప్పుడు వింటాడు. గట్టి కప్పయితే కంగుమంటుంది. పొర వదిలి వుంటే డొల్లగా పలుకుతుంది. ఆ చెవి మీద ఆధారపడి యెందరో ఇళ్ళకు తిరిగి వచ్చారు. వరస కాకపోయినా అందరం ఆయనను మామ అంటాం. సంఘం లెక్కలన్నీ ఆయన ఒక పెద్ద ఎర్రట్ట పుస్తకంలో రాసేవాడు. ఒక్క పైసా తేడా వచ్చిందన్న మాట నేను యేనాడూ వినలేదు.

సభ్యులు దూరమయ్యాక ప్రతివాడికీ తన లెక్క కాగితం మీద కావలసి వచ్చింది. మామకు చూపు తగ్గింది. సభ్యులలో ఒకరి అబ్బాయి హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. బుద్ధిమంతుడు. "ఆదివారం కూర్చుని నేను రాసి పంపిస్తాను" అన్నాడు. పంపించాడు. అది ఒక స్క్రిప్టు.

స్క్రిప్టు అంటే బెదిరిపోనక్కరలేదు. కొట్టుకు కుర్రవాణ్ణి పంపేటప్పుడు మనం రాసిచ్చే చీటీ వంటిది: మొదట యిది చెయ్యి, తరవాత అది చెయ్యి, చివర మొత్తం చెప్పు. ఆ చీటీని యంత్రం తనంత తాను చదవలేదు. మధ్యన ఇంటర్‌ప్రెటర్ అనే దుభాషి ఒకడుంటాడు. అతను ఒక్కొక్క పంక్తే చదివి యంత్రానికి బోధపరుస్తాడు. మా అబ్బాయి రాసిన చీటీ పైథాన్ భాషలో వుంది కనుక పైథాన్ దుభాషి కావాలి. ఆ దుభాషి కాపురముండే ఇల్లు ఆపరేటింగ్ సిస్టం. విండోస్ ఒక ఇల్లు, లినక్స్ ఒక ఇల్లు. ఇంటికో ఆచారం. దుభాషులలో పాత తరంవాళ్ళూ కొత్త తరంవాళ్ళూ వున్నారు. చీటీ ఒక్కటే అయినా, యే ఇంట్లో యే తరం దుభాషి చదివాడన్నదాన్ని బట్టి ఫలితం మారవచ్చు. చీటీని నాలుగిళ్ళకూ తీసుకువెళ్ళి అన్నిచోట్లా ఒకే జవాబు వస్తున్నదో లేదో చూడడం ఒక ప్రత్యేకమైన పని. రాసేవాడికి అంత ఓపిక సాధారణంగా వుండదు. రాయడంలో వున్న సరదా అందులో లేదు మరి.

సంఘం గదిలో విండోస్ కంప్యూటరు ఒకటి వుంది. పక్కనే పుస్తకాల గదిలో యెవరో యిచ్చిన పాత కంప్యూటరు, లినక్స్‌ది, మరొకటి వుంది. కాలనీలో డిగ్రీ చదివే అమ్మాయి ఒకర్తె సంఘానికి సాయం చేస్తూ వుండేది. అబ్బాయి పంపిన స్క్రిప్టును ఆ అమ్మాయి మొదట విండోస్‌లో నడిపింది. అది యేదో అక్షరం చదవలేనని ఇంగ్లీషులో మొత్తుకుని ఆగిపోయింది. పాపం, రెండు మూడుసార్లు చూసి, స్క్రిప్టులో ఒకచోట ఫైలు పేరు సవరించి దాచి, పాత కంప్యూటరుకు పట్టుకువెళ్ళింది. అక్కడ మొదట "అటువంటి ఫైలు లేదు" అన్నది. మరో విధంగా పిలిస్తే పలికింది. గబగబా జాబితా అంతా వచ్చేసింది. పేర్లు ముత్యాల్లాగా వున్నాయి. ప్రతి అంకె చివరా చుక్కపెట్టి రెండు సున్నాలు కూడా వున్నాయి. ఆ జాబితా గది తలుపు మీద అంటించారు. ఫోటో తీసి వూళ్ళకు పంపారు.

సాయంత్రానికల్లా గుసగుసలు మొదలయ్యాయి. పదివేలు దాచి పద్దెనిమిది నెలలైన ఒకాయనకు వడ్డీ పన్నెండు వందలని వుంది. అయిదువేలు దాచి ముప్పై నెలలైన ఆవిడకూ పన్నెండు వందలే వుంది. దాచి యేడు నెలలే అయినవాడికి సున్నా! సరిగ్గా సంవత్సరం, రెండు సంవత్సరాలు నిండినవాళ్ళకు మాత్రం లెక్క పైసాతో సహా కుదిరింది. అందువల్ల అనుమానం యింకా బలపడింది. అందరికీ తప్పు వస్తే యంత్రం చెడిందనుకునేవాళ్ళు. కొందరికే రావడంతో మనిషి హస్తం వున్నదనుకున్నారు.

మామ జాబితా చూసి, "ఇది తప్పు. పదివేలకు నెలకు వంద. పద్దెనిమిది నెలలకు పద్దెనిమిది వందలు. దీనికి కంప్యూటరెందుకు?" అన్నాడు. నిజమే. నూటికి రూపాయి లెక్క మన పల్లెల్లో పసిపిల్లలకు కూడా వచ్చు. కాని జనానికి అచ్చయిన అంకె మీద వుండే భక్తి నోటిలెక్క మీద వుండదు. హైదరాబాదుకు ఫోను చేశారు. అబ్బాయి తన దగ్గర నడిపి చూసి, యేమాత్రం కల్మషం లేకుండా అన్నాడు: "నా దగ్గర బాగానే వుందే! పద్దెనిమిది వందలే వస్తోంది."

ఆ మాటతో అంతా తారుమారైంది. అక్కడ బాగానే వుంటే యిక్కడే యెవరో మార్చారన్నమాట. యిక్కడంటే యెవరు? బీరువా తాళాలు యెవరి దగ్గర వున్నాయి? ఒక్కరు కూడా మామ మొహాన ఆ మాట అనలేదు. అనకపోవడమే యెక్కువ బాధించింది. మరునాడు పొద్దున ఆయన ఎర్రట్ట పుస్తకమూ తాళాలగుత్తీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "సారూ, మీరు లెక్కలు చెప్పినోళ్ళు. ఇది సూడుండ్రి. తప్పు నాదైతే నేను తప్పుకుంట. నాది కాకపోయినా తప్పుకుంట" అన్నాడు.

నేను యేమనగలను? "నాలుగు రోజులు ఆగండి మామా" అన్నాను. నాకు కంప్యూటరు విద్య రిటైరయ్యాక పట్టుబడిన వ్యసనం. అంతకుమించి పాండిత్యమేమీ లేదు. అయినా పరీక్ష పెట్టడం నాకు చేతనవును. ముప్పైమూడేళ్ళు చేసిన పని అదే గదా.

మామ ఒక షరతు పెట్టాడు. జవాబులు ముందుగా చేత్తో రాసిపెట్టుకోవాలన్నాడు. యంత్రం చెప్పినదాన్ని చూశాక మన మనస్సు అటే మొగ్గుతుందట. యిది చాలా గట్టి సూత్రం. తెలిసిన జవాబు దగ్గర లేకుండా పెట్టే పరీక్ష పరీక్షే కాదు. ఆయన చెబుతూ వుంటే నేను పదకొండుమంది ఉత్తుత్తి సభ్యులను కల్పించి రాశాను. సరిగ్గా సంవత్సరమైనవాడు, యేడు నెలలవాడు, పద్దెనిమిది నెలలవాడు, యేమీ దాచుకోనివాడు, యిలాగ. పేర్లు కూడా రకరకాలుగా వేశాం: గోపాల, రాజు, మల్లయ్య, ఐలయ్య, ఏసోబు, ఝాన్సీ మొదలైనవారు. ఆ అమ్మాయి కంప్యూటర్ల దగ్గర కూర్చున్నది. నాలుగుచోట్ల నడపాలని నిశ్చయించాం: హైదరాబాదులో అబ్బాయి దగ్గర, సంఘం విండోస్‌లో, పాత లినక్స్‌లో వున్న పాత దుభాషితో, అదే లినక్స్‌లో వున్న కొత్త దుభాషితో. అవును, ఆ పాత యంత్రంలో ఇద్దరు దుభాషులు ఒకే కప్పు కింద వున్నారు. యీ సంగతి అంతవరకూ యెవరికీ పట్టలేదు.

ముందు లెక్క సంగతి తేలింది. పాఠ్యపుస్తకంలో వున్నట్టుగా అబ్బాయి నెలలను పన్నెండుతో భాగించి సంవత్సరాలు చేసి, దాన్ని అసలుతోనూ వడ్డీ రేటుతోనూ గుణించాడు. తప్పేమీ లేదు. పద్దెనిమిదిని పన్నెండుతో భాగిస్తే ఒకటిన్నర. కొత్త పైథాన్ ఒకటిన్నర అంటుంది. పాత పైథాన్ 'ఒకటి' అంటుంది! పూర్ణసంఖ్యను పూర్ణసంఖ్యతో భాగిస్తే పూర్ణసంఖ్యే రావాలి, మిగిలినది వదిలెయ్యాలి అని దాని ఆచారం. ముప్పై నెలలు రెండు సంవత్సరాలైపోతాయి. యేడు నెలలు సున్నా అయిపోతాయి. పన్నెండూ, యిరవై నాలుగూ మాత్రం చెక్కుచెదరవు. తలుపు మీద అంటించిన జాబితాతో పోల్చి చూశాం. అణువణువూ సరిపోయింది. చివర కనిపించిన రెండు సున్నాలు యెవరో మెరుగుకోసం పెట్టినవే; మిగులు అంతకుముందే గాలికి పోయింది.

యీ ఆచారం పైథాన్‌ది మాత్రమే కాదు; అంతకుముందున్న సీ భాషలోనూ వుంది. పైథాన్‌ను సృష్టించిన డచ్చి దేశీయుడు గీడో వాన్ రాసమ్, యిది మామూలు మనుషులను మోసగిస్తుందని గ్రహించి, 2001లోనే మార్పుకు దారి వేశాడు. మిగులు కావాలంటే ఒక గీత, అక్కరలేదనుకుంటే రెండు గీతలు అని గుర్తులు వేరుచేశారు. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3లో అది పూర్తిగా అమలైంది. కాని పాత స్క్రిప్టులు లోకంలో కోకొల్లలు. కనుక పాత పైథాన్ 2ను ఒక్కసారిగా తీసిపారెయ్యలేక 2020 జనవరి 1 దాకా పోషించారు. పదకొండేళ్ళకు కాస్త యెక్కువగా ఇద్దరు దుభాషులూ పక్కపక్కనే కాపురం చేశారన్నమాట. చాలా యంత్రాలలో 'పైథాన్' అని పిలిస్తే పెద్దవాడు పలికేవాడు; చిన్నవాడు కావాలంటే 'పైథాన్ 3' అని మూడు చేర్చి పిలవాలి.

మరి అబ్బాయి ఆ మూడు చేర్చలేదా? చేర్చాడు. స్క్రిప్టు మొదటి పంక్తిలోనే కొత్త దుభాషి కావాలని రాశాడు. ఆ పంక్తి యెందుకు పనిచెయ్యలేదో తెలుసుకోవడానికి మాకు ఒకపూట పట్టింది. టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళినవాళ్ళకు యిది సులభంగా అర్థమవుతుంది. పంక్తి పూర్తయ్యాక టైపు మిషనులో రెండు పనులు జరగాలి: బండి వెనక్కు రావాలి, కాగితం ఒక మెట్టు పైకి జరగాలి. విండోస్ యింటి ఆచారం ప్రకారం ప్రతి పంక్తి చివరా యీ రెండింటికీ రెండు గుర్తులుంటాయి. లినక్స్ ఇంట్లో కాగితం జరిపే గుర్తు ఒక్కటే. ఆ అమ్మాయి విండోస్‌లో తెరిచి దాచినప్పుడు ప్రతి పంక్తి చివరా బండి గుర్తు కూడా చేరింది. కంటికి కనబడదు. లినక్స్ మాత్రం దాన్ని దుభాషి పేరులో భాగమనుకుని, అటువంటి పేరుగలవాడు మా ఇంట లేడన్నది. అందుకని ఆ అమ్మాయి 'పైథాన్' అని నేరుగా పిలిచింది. పెద్దవాడు పలికాడు. ఆ అమ్మాయి తప్పు చేసిందని యెవరనగలరు? తలుపు తెరుచుకోకపోతే పక్క తలుపు తట్టడం లోకసహజం.

ఇక విండోస్ మొత్తుకోలు. యిది మాకు అన్నింటికంటె వినోదంగా తోచింది. పేర్లను ఒక్కొక్కటిగా వేరు ఫైళ్ళలో పెట్టి నడిపించాం. గోపాల గడప దాటాడు. రాజు దాటలేదు. మల్లయ్య దాటలేదు. ఐలయ్య, ఏసోబు, ఝాన్సీ, ముగ్గురూ దాటలేదు. నారాయణ దాటాడు. యేమిటీ పక్షపాతం?

తెలుగు అక్షరాలను కంప్యూటరులో దాచడానికి యిప్పుడు యెక్కువగా వాడే పద్ధతి పేరు యూటీఎఫ్-8. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు 1992లో న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో కూర్చుని దాన్ని రూపొందించారు. ఆ పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడేసి అంకెలుగా వుంటుంది. లినక్స్‌లో పైథాన్‌కు యిది అలవాటే. మా విండోస్‌లోని పైథాన్ మాత్రం, ఫైలు యే పద్ధతిలో వున్నదో చీటీలో చెప్పకపోతే, పడమటి యూరపు భాషలకోసం యేర్పడిన పాత పట్టిక తీసి చదువుతుంది. ఆ పట్టికలో 256 గళ్ళు. అందులో అయిదు గళ్ళు ఖాళీ. మన కొమ్ముకు సంబంధించిన మూడో అంకె ఒక ఖాళీ గడిలో పడుతుంది. పొల్లుది మరొక ఖాళీ గడి; వత్తు యేర్పడాలంటే లోపల పొల్లు వుండాలి గనుక వత్తులన్నిటికీ అదే గతి. 'ఏ' ఒక ఖాళీలో, 'ఐ' ఒక ఖాళీలో, 'ఝ' ఒక ఖాళీలో పడతాయి. అందుచేత కొమ్మున్న రాజూ, వత్తున్న మల్లయ్యా, పేరులోనే ఐత్వమున్న ఐలయ్యా గడపలో ఆగిపోయారు. గోపాల దాటాడు గాని క్షేమంగా దాటలేదు. తెర మీద అతని పేరు తలపై గీతపెట్టిన ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలతోనూ, ఉష్ణోగ్రత రాసేటప్పుడు వేసే డిగ్రీ సున్నాలతోనూ వచ్చింది. "ఈనకు జరం వచ్చినట్టున్నది" అన్నాడు మామ. నాలుగు రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు.

పాత దుభాషికి యీ బాధ లేదు. అతను అక్షరాలను అక్షరాలుగా చూడడు. మూటలోని సరుకుగా చూసి, విప్పకుండా అటునుంచి యిటు అందిస్తాడు. కనుకనే తలుపు మీది జాబితాలో పేర్లు ముత్యాల్లాగా వచ్చాయి. 'బెల్లంపల్లి' అన్న మాటకు పొడవెంత అని అడిగి చూడండి. మన కంటికి నాలుగక్షరాలు. కొత్త పైథాన్ గుణింతపు గుర్తులన్నీ విడివిడిగా లెక్కపెట్టి 11 అంటుంది. పాత పైథాన్ మూటల లెక్కన 33 అంటుంది. ముగ్గురిలో యెవరూ అబద్ధమాడలేదు!

మరో చిన్న చిక్కు కూడా బయటపడింది. ఇంగ్లీషు పేరుగల ఫైలును పెద్దబడిలో పిలిచినా చిన్నబడిలో పిలిచినా విండోస్ పలుకుతుంది. లినక్స్ పలకదు, దానికి అవి రెండు వేరు పేర్లు. పెద్దబడి, చిన్నబడి అనే తేడా లేని మన తెలుగు యీ విషయంలో అదృష్టవంతురాలు.

నాలుగో రోజు రాత్రి నాలుగు కాగితాలూ పక్కపక్కన పెట్టి, మామ చేతిరాతతో సరిపోల్చాం. ఒకచోట పేర్లు చెడ్డాయి. అక్కడ నడిచినంతమేరకు లెక్క బాగున్నది. ఇంకొకచోట లెక్క చెడింది, పేర్లు దివ్యంగా వున్నాయి. విండోస్ గట్టిగా మొత్తుకుని ఆగిపోయింది కనుక దానివల్ల యెవరికీ నష్టం కలగలేదు. చప్పుడు చెయ్యకుండా, నున్నగా, రెండు సున్నాలతో వచ్చిన కాగితమే ఒక మనిషి ముప్పై యేళ్ళ పేరుకు మచ్చ తెచ్చింది. యీ మాట నేను అన్నప్పుడు మామ కాసేపు మాట్లాడలేదు. తరవాత అన్నాడు: "బాయిల గూడ అంతే సారూ. పెళపెళమనే కప్పుకు భయం లేదు. మనిషి ఉరికి బయటపడుతడు. సప్పుడు చెయ్యనిదే చంపుతది. అందుకే గద కర్రతో కొట్టి సప్పుడు చేయిస్తం. ఇక్కడ కొట్టిన దెబ్బ పది అడుగుల అవతలికి పనికిరాదు. నిన్నటి దెబ్బ ఇయ్యాల్టికి పనికిరాదు."

కంప్యూటరు స్క్రిప్టుల పరీక్ష గురించి అంతకంటె చక్కగా నాకెవరూ చెప్పలేదు. నా దగ్గర బాగానే వుంది అన్న మాట అబద్ధం కాదు. అది ఒక్క జాగాలో కొట్టిన దెబ్బ. దాని సాక్ష్యం ఆ జాగా వరకే. దాన్ని యింకొక జాగాకు వర్తింపజేసినప్పుడు, అక్కడున్న నిరపరాధి యెవడో దోషి అయి కూర్చుంటాడు.

యీ తంటా లోకానికి కొత్తదేమీ కాదు. యంత్రానికొక ఆచారం వుండడంవల్ల కలిగే చిక్కులు తగ్గించాలని పెద్దలు 1988లోనే పోసిక్స్ అనే కట్టుబాటు యేర్పరిచారు. జావా భాష 1995లో వచ్చినప్పుడు, ఒక్కచోట రాస్తే అంతటా నడుస్తుందని చాటుకున్నారు. పైథాన్ పెద్దలు సైతం, 3.15వ కూర్పు నుంచి విండోస్‌లోనూ యూటీఎఫ్-8 పద్ధతే అలవాటుగా వుండాలని 2022లో నిర్ణయించారు. యివన్నీ మంచివే. కాని పాత యంత్రాలు వెంటనే చచ్చిపోవు. పుస్తకాల గదుల్లో, బడుల్లో, చిన్న చిన్న సంఘాల బల్లల మీద యేళ్ళతరబడి బతుకుతూ వుంటాయి. పెద్ద సంస్థలకు పరీక్షలు చెయ్యడానికి మనుషులుంటారు. మనవంటి వాళ్ళకు మనమే.

స్క్రిప్టు బాగుచెయ్యడం అరగంట పని. ఫైలు యే పద్ధతిలో చదవాలో స్పష్టంగా రాశాడు అబ్బాయి. పాత దుభాషి పిలుపు అందుకుంటే "నేను తగను" అని చెప్పి ఆగిపోయేటట్టు ఒక పంక్తి చేర్చాడు. లెక్క విషయంలో మాత్రం నేను మేష్టరు బుద్ధి చూపించాను. రూపాయలను పైసలు చేసి, గుణకారాలన్నీ ముందు కానిచ్చి, భాగహారం చివర ఒక్కసారే చెయ్యమన్నాను. గణితంలో వరస యెలా వున్నా జవాబు ఒక్కటే. యంత్రంలో అలా కాదు. యిలా చేస్తే పద్దెనిమిది నెలల వడ్డీ పాత దుభాషి చెప్పినా పద్దెనిమిది వందలే, కొత్తవాడు చెప్పినా పద్దెనిమిది వందలే. మామ నోటిలెక్కలో మొదటినుంచీ భాగహారమే లేదని అప్పుడు గమనించాను. నూటికి రూపాయి, వందలెన్ని, నెలలెన్ని, అంతే. యే ఇంటికి తీసుకువెళ్ళినా చెడని లెక్క అది.

కొత్త జాబితా పాతదాని పక్కనే అంటించాం. పాతది చింపవద్దని మామే అన్నాడు. రెండింటి కిందా యే యంత్రం, యే దుభాషి అన్నది రాసి, తేడా యెక్కడ వచ్చిందో నాలుగు ముక్కల్లో నేను తెలుగులో వివరించాను. చదివినవాళ్ళు చదివారు. కొందరు మామ ఇంటికి వెళ్ళి ఊరికే చాయ తాగి వచ్చారు. మా వైపు క్షమాపణ అడిగే పద్ధతి యిదే. తాళాలగుత్తి నా బల్ల మీద వారం రోజులు పడివుంది. ఎనిమిదో నాడు ఆయనే వచ్చి తీసుకున్నాడు.

దసరాకు అబ్బాయి వచ్చాడు. మామ ముందు తలవంచుకుని, "నా దగ్గర బాగానే వచ్చింది మామా, అందుకే అలా అన్నాను" అన్నాడు. మామ కోప్పడలేదు. "నీ దగ్గర ఏమున్నదో చెప్పినవు బిడ్డా. మా దగ్గర ఏమున్నదో అడగకపోతివి" అన్నాడు. ఆ కుర్రవాడు తన ఉద్యోగంలో యీ మాట యెన్నిసార్లు తలచుకున్నాడో ఆ తరవాత నాకు చాలా ఉత్తరాల్లో రాశాడు.

ఇప్పుడు సంఘానికి కొత్త కంప్యూటరు వచ్చింది. ఆ అమ్మాయి ఉద్యోగమై వెళ్ళిపోయింది. వాళ్ళ తమ్ముడు ఆ పని చూస్తున్నాడు. యే యంత్రమైనా, యే కొత్త కూర్పు దిగినా, సభ్యుల లెక్క దాని చేతికివ్వడానికి ముందు మా పదకొండుమంది ఉత్తుత్తి సభ్యులూ దానిలోంచి నడిచి రావాలని కట్టడి. మామకు యిప్పుడు చూపు బాగా మందగించింది. కుర్చీలో కూర్చుని చెవితోనే వింటాడు.

"ఐలయ్య వచ్చిండా?"

"వచ్చిండు తాతా."

"ఝాన్సమ్మ?"

"వచ్చింది."

"పద్దెనిమిది నెలలాయనకు ఎంత?"

"పద్దెనిమిది వందలు."

అప్పుడు కలం అందుకుని, తడుముకుంటూ ఎర్రట్ట పుస్తకంలో సంతకం పెడతాడు.